నీ లూపర్ పెట్టె గురించి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన బోర్డుల ఫోటోలు చూసి, ఇంత చిన్న ముక్కలోనా దీని వయొలిన్ దాగేది అని మీ అమ్మమ్మ ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం రేడియో స్టేషన్లో టేపులు అతికించిన రోజులు గుర్తొచ్చాయి. పావు అంగుళం టేపును బ్లేడుతో నిలువుగా కాక 45 డిగ్రీల వాలుగా కోసేవాళ్లం. సెకనుకు 19 సెంటీమీటర్లు నడిచే టేపు ఆ వాలు దాటడానికి సుమారు 33 మిల్లీసెకన్లు పట్టేది, ఆలోగా పాత శబ్దం తగ్గుతూ కొత్తది పెరుగుతూ అతుకు చెవికి తెలిసేదే కాదు. లూపు మొదలూ చివరా కలిసేచోట టప్పుమంటోందన్నావే, చిప్పును తిట్టకు తల్లీ, అక్కడ ఓ 20 మిల్లీసెకన్ల క్రాస్‌ఫేడ్ రాసుకో.

టీన్సీ 4.1 బోర్డు వేగం 600 మెగాహెర్ట్జ్, డైసీ సీడ్‌ది 480 అంటూ నువ్వు వేగం దగ్గరే ఆగిపోయావు. విన్నది దాచి మళ్లీ వినిపించడానికి అంత బలమెందుకు, చోటు కావాలి గానీ. 48 కిలోహెర్ట్జ్‌లో 32 బిట్ల చొప్పున ఒక్క చానల్‌కే సెకనుకు 1,92,000 బైట్లు పోతాయి. డైసీలోని 64 మెగాబైట్లలో అయిదున్నర నిమిషాలకు పైగా పడుతుంది. టీన్సీకైతే అదనపు మెమరీ చిప్పు అడుగున నువ్వే సోల్డర్ చేసుకోవాలి. ఎఫ్‌వీ-1 చిప్పు చవకే, కానీ దానికి గుర్తుండేది దాదాపు ఒక్క సెకను. ప్రతిధ్వనికి సరే, నీ పల్లవికి చాలదు. నా ఓటు డైసీకే.

అయినా బజార్లో దొరికే లూపర్ పెడళ్లుండగా సొంతంగా ఎందుకని మీ నాన్న అడుగుతున్నాడట. అవి నిలబడి గిటారు వాయించేవాళ్ల కొలతకు చేసినవి. నేల మీద కూర్చుని, వయొలిన్ తలను కుడి పాదం మీద ఆనించి, రెండు చేతులూ పనిలో ఉన్న పిల్లకి ఏ కాలు ఖాళీ అని చెప్పు. ఎడమ మోకాలి కింద మెత్తగా నొక్కుకునే స్విచ్చు పెట్టుకో, ఆపడానికి ఇంకొకటి విడిగా. కిందటి శ్రీరామనవమి పందిట్లో మృదంగం పెద్దాయన కాస్త వెనకబడితే, ఎవరికీ తెలియకుండా నీ నడక తగ్గించి ఆయన్ని కలుపుకున్నావు, చూశానులే; లూపుకి ఆ మర్యాద తెలియదు, మొదట పట్టిన కాలంలోనే పోతుంది. ఆయన పక్కన చిన్న మానిటర్ పెట్టించు, వినబడకపోతే తాళం ఎలా పట్టుకుంటారు పాపం. నీ వయొలిన్ మాత్రం నేరుగా మిక్సర్‌కి వెళ్లాలి, పెట్టెలోంచి లూపు ఒక్కటే రావాలి. కచేరీ మధ్యలో ప్రోగ్రాం బిగుసుకుపోయినా కమాను మోగుతూనే ఉంటుంది.

పీజో పికప్‌ని సరాసరి డైసీ బోర్డుకి తగిలించకు, మంద్రం అంతా పోయి రేకు డబ్బాలా మోగుతుంది. 1 మెగోమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీయాంప్ ముందుండాలి. అది నేనే చేసి పంపిస్తాను, సోల్డరింగ్ ఇంకా చేతనవుతోంది, అద్దాలు మార్చుకోమని మీ అమ్మమ్మ పోరు పెడుతున్నా సరే. బ్యాటరీ 9 వోల్టులదేనా, అడాప్టరా, అదొక్కటి రాయి.

మీ తాతయ్య