దీపం కొండెక్కిందంటే తెలిసిన బిడ్డకు

అరకులోయ, డుంబ్రిగుడ వైపు ఊళ్ళ నుంచి వెళ్ళి గురుకులంలో చేరిన పిల్లవాడు సెలవులకు ఇంటికొచ్చాడనుకోండి. అన్నం దగ్గర తల వంచుకుని ఒక సంగతి చెబుతాడు. టీచరు ‘కెన్ యూ క్లోజ్ ద డోర్?’ అన్నారు. తలుపు వేయడం వచ్చా అని అడుగుతున్నారనుకుని ‘ఎస్ మేడమ్’ అని నిలబడ్డాడు. తరగతంతా నవ్వింది.

అప్పుడు ‘నాకు ఇంగ్లీషు రాదు నాయనా, నేనేం చెప్పను?’ అనకండి. ఆ పాఠం మీరే చెప్పగలరు. దానికి కావలసినదంతా మీ ఇంట్లోనే ఉంది.

మీరు పొయ్యి దగ్గర నుంచి ‘నూనె నిండుకుంది’ అంటే, డబ్బా నిండా ఉందిలే అని వాడు కూర్చోడు. సీసా పట్టుకుని కొట్టుకు వెళతాడు. ‘దీపం కొండెక్కింది’ అంటే కొండ వైపు చూడడు, అగ్గిపెట్టె తెస్తాడు. చుట్టం ‘వెళ్ళొస్తాను’ అని లేస్తే, ఇప్పుడే తిరిగొస్తాడని గుమ్మంలో కాచుకోడు. పైకి వినిపించేది ఒకటి, అసలు చెప్పదలచింది ఒకటి అని వాడికి ఎప్పుడో తెలుసు. ఇంట్లో కువియో ఆదివాసీ ఒడియాయో మాట్లాడుతూ, సంతలో తెలుగు అందుకున్న బిడ్డయితే ఈ విద్య రెండు భాషల్లో వచ్చినట్టే. ముందు ఆ మాట చెప్పి ధైర్యమివ్వండి.

ఇది చిన్న విద్య కాదు. మాట్లాడటమంటే ఒక పని చేయడమేనని జె.ఎల్. ఆస్టిన్ అనే తత్త్వవేత్త 1955లో హార్వర్డ్‌లో వరసగా ఉపన్యాసాలిచ్చాడు. ‘ఉప్పు అందించగలరా?’ అని అడిగినవాళ్ళకు కావలసింది జవాబు కాదు, ఉప్పు. అది వినేవాళ్ళకు ఎలా తెలుస్తుందో వివరిస్తూ 1975లో జాన్ సెర్ల్ పెద్ద వ్యాసమే రాశాడు. అంతటివాళ్ళు ఆగి ఆలోచించిన చోట మీ బిడ్డ ఒకసారి తడబడితే సిగ్గెందుకు?

తర్వాత తేడా ఎక్కడుందో చూపండి. మన మర్యాద ‘అండి’లో ఉంది. ‘కూర్చోండి’ అని నేరుగా చెప్పినా గౌరవం తగ్గదు. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ కలిపి ‘యూ’ ఒక్కటే. అందుకే అక్కడ మర్యాదను ఎక్కువగా ప్రశ్న మోస్తుంది. ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ’ అనేవే వాళ్ళ ‘అండి’. మన బిడ్డ మనసులో ‘పుస్తకం ఇవ్వండి’ అనుకుని, పైకి ‘గివ్ మీ ద బుక్’ అంటాడు. ‘అండి’ దారిలో రాలిపోయింది. వినేవాళ్ళకు పొగరనిపిస్తుంది, వాడిలో పొగరు లేదు. ‘కుడ్ యూ గివ్ మీ ద బుక్, ప్లీజ్?’ అనడం అలవాటు చేసుకోమనండి.

లోయ పిల్లలకు తప్పక చెప్పవలసింది ఇంకొకటి ఉంది. థింసా ఆడే చోటో, సంతలోనో, రైలు దిగి వచ్చిన పర్యాటకులు ‘డూ యూ మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ ఫోటో?’ అంటారు. సరేననే ఉద్దేశంతో ‘ఎస్’ అంటే, అభ్యంతరం ఉందన్నట్టు. ‘నో’ అంటే తీసుకోమన్నట్టు. దీన్ని తెలుగులో అడిగి చూడండి: ‘నీకేమైనా అభ్యంతరమా?’ ‘లేదు, తీసుకోండి.’ వెంటనే పట్టుకుంటాడు. ఇష్టం లేకపోతే ‘సారీ, ఐ వుడ్ రాదర్ నాట్’ అనవచ్చనీ చెప్పండి. ఎదుటివాళ్ళ మనసులోది గ్రహించడం వేరు, అడిగిందల్లా ఒప్పుకోవడం వేరు. అడిగినవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా, వద్దనే హక్కు బిడ్డకు ఉంది.

ఒక్కోసారి ఎంత ఆలోచించినా అర్థం తేలదు. అప్పుడు ఊహించి భయపడే కన్నా ‘డూ యూ వాంట్ మీ టు క్లోజ్ ఇట్?’ అని అడగడమే మేలు. అలా అడిగిన బిడ్డను ఇంట్లోనూ కసరకండి. ఇంట్లో అడగడానికి జంకే పిల్లలు బడిలో అసలే నోరు విప్పరు.

చలికాలం రాత్రి పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు ఒక ఆట ఆడండి. ఒకరు ‘చలేస్తోంది’ అనాలి. ఏం కావాలో మిగతావాళ్ళు చెప్పాలి: తలుపు వేయాలా, కట్టె ఎగదోయాలా, దుప్పటి ఇవ్వాలా? అదే మాటను బిడ్డ ఇంగ్లీషులో చెప్పాలి. మాట వాడు మీకు నేర్పుతాడు, మర్మం మీరు వాడికి నేర్పుతారు.

సెలవులయ్యాక బస్సెక్కుతూ వాడు ‘వెళ్ళొస్తానమ్మా’ అంటాడు. దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో అడగండి. ‘సీ యూ’ అంటాడు. మళ్ళీ వస్తాననే మన మాటలాగే, మళ్ళీ చూస్తాననే మాట అందులోనూ ఉందని ఇద్దరికీ ఒకేసారి తోస్తుంది.