ఫెయిర్‌ఫర్డ్ చర్చి: గాజుపై వ్రాసిన గ్రంథం

చదువు అంటే అక్షరాలు చదవడం మాత్రమే కాదు. కట్టడాలను చదవడం కూడ ఒక విద్యయే. 1924లో ప్రతిష్ఠింపబడిన మెదక్ చర్చిని దర్శించిన విద్యార్థులకు రంగుటద్దాల కిటికీలు క్రొత్త కావు. ఆ కళ ఐరోపాలో మధ్యయుగాలనాడే పరిపక్వమైనది. ఆనాటి ఒక ఊరి చర్చికి మనమందరం బృందంగా వెళ్ళినామని భావించి, దానిని ఎట్లా చూడవలెనో పరిశీలిద్దాం.

ఇంగ్లండులోని గ్లౌస్టర్‌షైర్ ప్రాంతంలో, కోల్న్ నది ఒడ్డున ఫెయిర్‌ఫర్డ్ అనే చిన్న ఊరు కలదు. అక్కడి సెయింట్ మేరీ చర్చి రాజులు కట్టించినది కాదు. ఆ ప్రాంతపు సంపదకు ఆనాడు గొర్రెల ఉన్నియే మూలం. జాన్ టేమ్ అనే ఉన్ని వర్తకుడు 15వ శతాబ్ది చివర, పాత గోపురపు అడుగుభాగాన్ని నిలిపి, చర్చిని పునర్నిర్మింపజేశాడు. 1500లో ఆయన మరణించగా కుమారుడు ఎడ్మండ్ ఆ పనిని పూర్తిచేశాడు.

ఈ చర్చికి 28 చిత్రగవాక్షాలు ఉన్నాయి. మధ్యయుగాంతపు గాజుచిత్రాలు దాదాపు సంపూర్ణంగా మిగిలిన ఊరి చర్చి ఇంగ్లండులో ఇదొక్కటే. 7వ హెన్రీ రాజు కొలువులోని గాజుపనివాడు బార్నర్డ్ ఫ్లవర్‌కు ఇందులో ప్రధాన పాత్ర ఉన్నదని పండితుల అభిప్రాయం. రంగు గాజును ముక్కలుగా కోసి, ముఖాలను, వస్త్రాల ముడతలను నల్లని వర్ణంతో గీసి, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో కూర్చేవారు. పసుపు వన్నెకు వెండి మిశ్రమాన్ని పూసి కాల్చేవారు.

లోపలికి వెళ్ళగానే ఎవరికి తోచిన వైపు వారు నడిస్తే ఈ గ్రంథం అర్థం కాదు. ఉత్తరాన కొయ్య తెర చెంతనున్న కిటికీతో ఆరంభించవలెను. అందులో నాలుగు దృశ్యాలు: ఏదెను తోటలో హవ్వ, మండుతున్న పొద ఎదుట మోషే, గొర్రెబొచ్చుతో గిద్యోను, సొలొమోను సన్నిధిలో షేబ రాణి. మన విద్యార్థులలో పలువురు వీరిలో కొందరిని మూసా, సులైమాన్, బిల్కీస్ అనే పేర్లతో ఎరుగుదురు. తరువాత మరియ, యేసుల కథ తూర్పు గోడ మీదుగా సాగి దక్షిణానికి మరలుతుంది. అటుపై ఉత్తరాన పన్నెండుగురు ప్రవక్తలు, వారికెదురుగా దక్షిణాన పన్నెండుగురు అపొస్తలులు. చివరకు, ప్రొద్దు క్రుంకే పడమటి వైపున అంత్యతీర్పు. పుస్తకం చదువలేని వాడు సయితం ఈ వరుసలో నడిచి, సృష్టి మొదలు తీర్పు వరకు తెలిసికొనగలిగేవాడు.

16వ శతాబ్దపు మతసంస్కరణ కాలంలోను, 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలోను ఇంగ్లండు చర్చిలలో అసంఖ్యాకమైన చిత్రాలు ధ్వంసమైనాయి. ఇవి నిలిచాయి. 1703 నాటి పెనుతుపాను పడమటి కిటికీని దెబ్బతీసింది. పిమ్మట 1860లలో బాగుచేయ పూనుకొన్నవారు ఆ కిటికీ పై సగంలోని పాత గాజును తొలగించి, దానికి నకలును అమర్చారు. తుపాను మిగిల్చినదానిని మరమ్మతు పోగొట్టింది! రెండవ ప్రపంచ యుద్ధంలో మాత్రం గాజునంతటినీ విప్పి భద్రపరచి, యుద్ధానంతరం యథాస్థానంలో నిలిపారు. 1988 నుండి 2010 వరకు జరిగిన సంరక్షణలో ఉన్నదానిని మార్చుట గాక, కాపాడుటయే ఆశయమైనది. ద్వేషం వలె తొందరపాటు కూడ చరిత్రను చెరిపివేయగలదని ఈ చర్చి నేర్పుతున్నది.

విద్యార్థి మిత్రులారా! ఏ ప్రాచీన కట్టడాన్ని చూడబోయినా మూడు ప్రశ్నలు వెంట తీసుకొని వెళ్ళండి. ఎవరి ధనంతో, ఎవరి శ్రమతో ఇది వెలసింది? ఇందులోని క్రమం ఏమి చెబుతున్నది? ఏది పాతది, ఏది పిమ్మట చేరినది? విహారయాత్రలు ఏర్పాటుచేసే పెద్దలు బయలుదేరుటకు ముందు ఒక పూట ఈ పాఠానికి కేటాయిస్తే యాత్ర సార్థకమవుతుంది. మన ఊళ్ళలోని పాత మసీదులకు, గుళ్ళకు, చర్చిలకు సున్నం పూయబోయే ముందు, ఆ గోడమీద ఏమి వ్రాసి ఉన్నదో ఒక్కసారి చదివి చూద్దాం. ఒకసారి చెరిగినదానిని తిరిగి చదువుట ఎవరి తరమూ కాదు.