రంగు తీసేస్తే ఏం మిగులుతుంది?

ఫోన్‌లో మోనో ఫిల్టర్ నొక్కితే ఏ ఫొటో అయినా నలుపు తెలుపులోకి మారిపోతుంది. మారినంత మాత్రాన బావుండాలని లేదు. ఈ సెలవుల్లో తెనాలి, బాపట్ల, రేపల్లె తిరుగుతూ నేను నేర్చుకున్నది మూడు పాఠాలుగా రాస్తున్నా. పెద్ద కెమెరా అక్కర్లేదు, ఫోన్ చాలు.

1. తెనాలి: రంగు వేరు, వెలుగు వేరు

మార్కెట్లో పండు మిరపకాయల పక్కనే పచ్చి మిరపకాయలు. రంగుల్లో చూస్తే భలే ఉంటుంది. నలుపు తెలుపులో రెండూ కలిసి ఒకే బూడిద రంగు ముద్ద! కారణం మన సీఎస్ఈ వాళ్ళకి తెలిసిన లెక్కే:

బూడిద = 0.299 × ఎరుపు + 0.587 × ఆకుపచ్చ + 0.114 × నీలం

ఎరుపు 200 మాత్రమే ఉన్న పిక్సెల్‌కీ, ఆకుపచ్చ 102 మాత్రమే ఉన్న పిక్సెల్‌కీ ఇంచుమించు 60 వస్తుంది. రంగులు వేరైనా వెలుగు ఒకటే. ఎడిటింగ్ యాప్‌లో ఎరుపు స్లైడర్ పెంచితే పండు మిరప తేలికపడి విడిగా కనిపిస్తుంది. ఫిల్మ్ రోజుల్లో ఇదే పనికి లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టేవాళ్ళు.

తెనాలి వాడైన చక్రపాణి గారు, నాగిరెడ్డి గారితో కలిసి తీసిన 'మాయాబజార్' (1957) ఈసారి సౌండ్ ఆపేసి చూడండి. కెమెరా మార్కస్ బార్ట్లే. పడవ పాటలో మనకి వెన్నెల కనిపిస్తుంది. అక్కడ రంగే లేదు. ఎక్కడ వెలుగు పడాలి, ఎక్కడ నీడ ఉండాలి అన్న నిర్ణయమే ఆ వెన్నెల.

2. బాపట్ల: కెమెరా చెప్పింది నమ్మొద్దు

సూర్యలంక బీచ్‌కి పొద్దున్నే వెళ్ళండి. ఎండ ఏటవాలుగా పడి ఇసుకలో ప్రతి ముడతకీ ఓ నీడ వస్తుంది. మిట్టమధ్యాహ్నం అదే ఇసుక చదునుగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి. కెమెరాలో వెలుగు కొలిచే మీటర్, ఎదురుగా ఏమున్నా సగటున 18 శాతం వెలుగుని తిప్పిపంపే బూడిద రంగు అనుకుని లెక్కేస్తుంది. అందుకే ఫ్రేమ్ నిండా తెల్లటి నురగ ఉంటే మాసినట్టు పడుతుంది. ఎక్స్‌పోజర్ కొంచెం పెంచాలి. ఫ్రేమ్ నిండా నల్లటి వస్తువుంటే వెలిసిపోయినట్టు పడుతుంది. తగ్గించాలి.

3. రేపల్లె: నలుపుని నలుపుగా ఉండనివ్వాలి

తెనాలి నుంచి రేపల్లె రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే పొలాల్లో గేదె, దాని మీద కొంగ కనిపిస్తాయి. 0 నుంచి 255 దాకా మొత్తం ఒకే ఫ్రేములో! ముందు కొంగని చూసుకోండి. తెలుపు 255 దాటి కాలిపోతే ఈకలు మళ్ళీ రావు. గేదె వైపు చీకటిని తర్వాత కొంత లేపుకోవచ్చు.

ఊళ్ళో అమ్మమ్మని ఫొటో తీస్తానంటే "నల్లగా పడతాను, వద్దురా" అంది. ఆమె ఫోన్లో ఉన్న ఫొటోలన్నీ బ్యూటీ మోడ్ తెల్లగా తుడిచేసినవే. నేను ఆ మోడ్ ఆపేసి, ఆమెని గుమ్మం పక్కన కూర్చోబెట్టి, పక్క నుంచి వెలుగు పడేలా చూసి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించాను. ఒళ్ళు నల్లగానే పడింది. చెంప ఎముక మీద, ముడతల అంచుల మీద మాత్రం వెలుగు మెరిసింది. చాలాసేపు చూసి, "అచ్చం మా అమ్మలా ఉన్నానే" అంది. ప్రింట్ తీయించమంది.

ముఖం తెల్లగా ఉండటం వేరు, ముఖం మీద వెలుగుండటం వేరు. ఫిల్టర్‌కి ఆ తేడా తెలీదు. తీసేవాడికి తెలియాలి.

ఈ ఆదివారం మీరూ ప్రయత్నించండి: ఇంట్లో ఒకరు, ఒక కిటికీ, బ్యూటీ మోడ్ ఆఫ్. మూడు ఎక్స్‌పోజర్లలో తీసి, ఏది వాళ్ళలా ఉందో వాళ్ళనే అడగండి.