రైతు, కౌలు, పంట: కొన్ని వ్యవసాయ పదాల నిర్వచనం

ఏ శాస్త్రానికైనా పరిభాష పునాది వంటిది. పదానికి అర్థం స్థిరపడనిదే విషయంపై చర్చ సాగదు. గణితంలో ఒక పదాన్ని తప్పుగా గ్రహిస్తే విద్యార్థికి నాలుగు మార్కులు పోతాయి. వ్యవసాయ పదాల విషయంలో నష్టం అంతటితో ఆగదు. 'రైతు' అన్న మాటకు ప్రభుత్వం చెప్పే అర్థాన్ని బట్టి ఒక కుటుంబానికి పంట రుణం అందడమో, అందకపోవడమో జరుగుతుంది. కనుక నిత్యం మన నోట నానే కొన్ని పదాలను ఈ వ్యాసంలో పరిశీలించదలచినాము. వీటిలో పెక్కు అరబ్బీ, పారశీక భాషల నుండి వచ్చి తెలుగులో స్థిరపడినవి. ఉర్దూ, తెలుగు రెండూ చదివే మన విద్యార్థులకు వీటి లోతు తెలుసుకొనే వీలు ఇతరుల కన్న ఎక్కువ.

1. ఖరీఫ్, రబీ, ఫసలీ

అరబ్బీలో 'ఖరీఫ్' అనగా శరదృతువు. 'రబీ' అనగా వసంతం. జూన్, జూలై నెలల తొలకరిలో విత్తే పంటకు శరత్తు పేరు ఎందుకు వచ్చినది? ఆ పంట ఇంటికి చేరేది శరత్కాలంలో గనుక. అట్లే అక్టోబరు, నవంబరులలో విత్తే పంట వసంతంలో కోతకు వస్తుంది, అది రబీ. ఈ రెండు పేర్లు విత్తును బట్టి గాక కోతను బట్టి ఏర్పడినవి. శిస్తు వసూలు చేసే ప్రభుత్వానికి కావలసినది కోత కాలమే కదా! సేద్యం చేసేవాడు మాత్రం వానను, నీటిని చూసి పేరు పెట్టుకొన్నాడు. తెలంగాణలో వానాకాలం, యాసంగి అంటారు. కృష్ణా, గోదావరి డెల్టాలలో సార్వా, దాళ్వా అంటారు. ఒకే పంటకు కచేరీ పేరు ఒకటి, పొలం పేరు మరొకటి.

'ఫస్ల్' అనగా పంట, పంటకాలం. దాని నుండి వచ్చినదే 'ఫసలీ'. ఇది రెవెన్యూ లెక్కల సంవత్సరం. పాత మదరాసు రాజధానిలో స్థిరపడిన పద్ధతి ప్రకారం ఫసలీ జూలై 1న మొదలవుతుంది. ఫసలీ సంఖ్యకు 590 కలిపితే అది ప్రారంభమైన క్రీస్తు శకం వస్తుంది. 1434 ఫసలీ 2024 జూలైలో మొదలై 2025 జూన్‌తో ముగిసినది. పాత దస్తావేజు చదవవలసి వచ్చిన విద్యార్థికి ఈ చిన్న లెక్క ఎంతో అక్కరకు వస్తుంది.

2. తరి, ఖుష్కీ

పారశీకంలో 'తర్' అనగా తడి; 'ఖుష్క్' అనగా పొడి. నీటి వసతి గల భూమి తరి. వానపై ఆధారపడిన భూమి ఖుష్కీ. కోస్తా ప్రాంతపు మాగాణి, మెట్ట అన్న మాటలకు ఇవి సమానార్థకాలు. కొలతలోనూ ఇట్టి భేదమే కలదు. ఎకరానికి తెలంగాణలో 40 గుంటలు, ఆంధ్ర ప్రాంతంలో 100 సెంట్లు. భూమి ఒకటే, ఎకరం ఒకటే, విభజన వేరు.

3. రైతు

ఈ పదానికి మూలం అరబ్బీ 'రయీయత్'. మేపుట, కాచుట అన్న అర్థం గల ధాతువు నుండి ఇది పుట్టినది. కాపరి 'రాయీ', అతని సంరక్షణలో ఉండేది 'రయీయత్'. కాలక్రమాన ఈ మాట పాలకుని రక్షణలోని ప్రజలకు చెల్లినది. మన దేశంలో ప్రజలలో అధికులు సేద్యం చేసేవారగుటచే, అది సేద్యగానికే పేరైనది. థామస్ మన్రో వ్యాప్తిలోకి తెచ్చిన రైత్వారీ పద్ధతిలో ప్రభుత్వం జమీందారుతో గాక నేరుగా రైతుతో శిస్తు ఏర్పాటు చేసుకొన్నది. ఆ రైతుకు గుర్తు పట్టా. క్రమంగా పట్టా ఉన్నవాడే రైతు అన్న భావం కచేరీలలో పాతుకొన్నది.

దున్నేవాడు ఒకరు, పట్టాదారు మరొకరు అయినప్పుడు రైతు ఎవరు? 2007 నాటి జాతీయ రైతు విధానం ఇందుకు ఉదారమైన సమాధానం చెప్పినది. భూమి గలవారితో పాటు కౌలుదారులు, పాలికి చేసేవారు, వ్యవసాయ కూలీలు, పశువులను, కోళ్లను పెంచేవారు, మత్స్యకారులు, అటవీ ఫలసాయం సేకరించే గిరిజనులు సైతం ఆ నిర్వచనంలో చేరినారు. కాని నిర్వచనం ఒకటి, ఆచరణ మరొకటి. తెలంగాణలో 2018లో ప్రారంభమైన 'రైతుబంధు' పెట్టుబడి సాయం పట్టాదారులకే చెల్లినది. కౌలుదారులు అందులో చేరలేదు. పథకం పేరులో ఉన్నది రైతు; జాబితాలో ఉన్నది పట్టాదారు.

4. కౌలు

'ఖౌల్' అనగా మాట, ఇచ్చిన మాట. 'ఖవ్వాలీ'కి కూడ మూలం ఇదే. పూర్వం పాలకుడు సాగుదారుకు 'ఇంత శిస్తుకు మించి అడుగను' అని వ్రాసి ఇచ్చిన అభయపత్రం కౌలునామా. నాడు కౌలు అంటే కాగితంపైకి ఎక్కిన మాట. నేడు మన గ్రామాలలో కౌలు అత్యధికంగా నోటిమాటే. సంతకం లేదు, సాక్షి లేడు. వడగండ్లకు పంట పోతే పరిహారం పట్టాదారు ఖాతాకు పోయే ప్రమాదం ఉన్నది. పంటపై పెట్టిన అప్పు మాత్రం కౌలుదారు తలపైనే ఉంటుంది.

మాట కాగితం ఎక్కకపోవడానికి కారణం లేకపోలేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం, 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం కౌలుదారుకు రక్షణ కల్పించినవి. వ్రాసి ఇస్తే భూమిపై హక్కు పోతుందేమోనన్న భయం యజమానిలో కలిగినది. ఆ విధంగా రక్షించవలసిన చట్టమే కౌలును చాటుకు నెట్టినది. ఈ చిక్కు తీర్చుటకు 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సాగుదారులకు రుణార్హత పత్రాలు ఇచ్చే చట్టం వచ్చినది. 2019లో ఆంధ్రప్రదేశ్ చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికి వీలు కల్పించినది. కాని దానికి యజమాని సంతకం కావలసి వచ్చినది. భయపడేవాని సంతకం మీద ఆధారపడిన హక్కు ఎంత దూరం నడుస్తుంది?

5. ఆహార భద్రత, జీవనోపాధి

గాదెలు నిండి ఉంటే దేశానికి ఆహార భద్రత ఉన్నట్లేనని చాలామంది తలుస్తారు. 1943 బెంగాలు కరవును పరిశీలించిన అమర్త్యసేన్, 1981లో ప్రకటించిన గ్రంథంలో, ధాన్యం ఉండడం వేరు, దానిని పొందే శక్తి మనిషికి ఉండడం వేరు అని నిరూపించినాడు. 1996లో రోము నగరంలో జరిగిన ప్రపంచ ఆహార సదస్సు నిర్వచనం సారాంశం ఇది: ప్రజలందరికీ, అన్ని కాలాలలోనూ, ఆరోగ్యవంతమైన జీవనానికి తగినంత, సురక్షితమైన, పోషక విలువలు గల ఆహారం పొందే భౌతిక, ఆర్థిక స్తోమత ఉండడమే ఆహార భద్రత. ఇందులో 'అందరికీ', 'అన్ని కాలాలలో' అన్న మాటలను విద్యార్థులు గీత గీసి గుర్తుంచుకోవాలి.

జీవనోపాధి అన్నా కూలి డబ్బు మాత్రమే కాదు. రాబర్ట్ ఛాంబర్స్, గోర్డన్ కాన్వే 1992లో చెప్పిన ప్రకారం మనిషి శక్తిసామర్థ్యాలు, ఆస్తులు, హక్కులు, చేసే పనులు అన్నీ కలిసినదే జీవనోపాధి. దెబ్బ తగిలినప్పుడు తట్టుకొని మళ్లీ నిలబడగలిగితే అది సుస్థిరం. రెండు మేకలు, పెరటిలో ములగచెట్టు, అవసరానికి చేబదులిచ్చే పొరుగువాడు కూడ ఈ లెక్కలోనివే. మన దేశపు కమతాలలో నూటికి 86 రెండు హెక్టార్లకు లోబడినవని 2015-16 వ్యవసాయ గణన తెలిపినది. హెక్టారు లోపు వారు సన్నకారు, ఒకటి నుండి రెండు హెక్టార్ల వారు చిన్నకారు రైతులు. వీరికి ఒక్క పంట పోతే ఆదుకొనేవి ఈ చిన్న ఆధారాలే.

కావున విద్యార్థులారా, పదాలను కేవలం పరీక్ష కొరకు వల్లె వేయవద్దు. సెలవులలో మీ ఊరికి వెళ్లినప్పుడు ఇంటి పెద్దలను అడిగి కౌలు, గుత్త, పాలు అన్న ఏర్పాట్ల మధ్య భేదం వ్రాసుకొనండి. ఇంటివారు కౌలుకు చేస్తుంటే ఆ ఒప్పందం ఎక్కడైనా వ్రాసి ఉన్నదేమో కనుగొనండి. లేకపోతే పెద్దలతో మాట్లాడి ఒక కాగితంపై పెట్టించండి. చదువుకొన్న బిడ్డ ఇంటికి చేయగల ఉపకారాలలో ఇది చిన్నది కాదు. కౌలు అంటే మాట. మాటకు సాక్ష్యం అక్షరం.