పుదుచ్చేరి వెళ్తున్న కావ్యకు

కీసర

చిరంజీవి కావ్యకు పెద్దనాన్న ఆశీర్వదించి రాసేది.

బిడ్డా, బోనస్ డబ్బులతో పుదుచ్చేరి వైట్ టౌన్‌లో ఒక బొటిక్ హోటల్లో రెండు రాత్రులకు గది బుక్ చేసుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. గోడల నిండా బొమ్మలు, ఇంటి నడుమ చెట్లున్న వాకిలి, గడప దాటితే నడిచి తిరగడానికి చక్కటి వీధులు అట. అద్దె ఎంతో వినగానే మీ నాన్నకు నాచారంలో కట్టే ఇంటి కిరాయి గుర్తొచ్చి గుండె జారింది. నీ కష్టార్జితం, నువ్వు నిశ్చింతగా వెళ్ళిరా. వాళ్ళకు నేను సర్దిచెప్తాను. ఇన్నేళ్ళు బళ్ళో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, ఇట్లాంటి చోటికి మన ఇంటి పిల్ల పోతుంటే నాలుగు మాటలు చెప్పకుండా ఉండలేను.

నువ్వు కట్టే డబ్బు పరుపుకూ ఏసీకీ మాత్రమే అనుకోకు. ఆ ఇల్లు కూలకుండా ఉండటానికి కూడా అందులో వాటా ఉంది. 1761లో ఇంగ్లిషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకొని కోటనూ ఊరినీ నేలమట్టం చేశారు. 1765లో ఊరు మళ్ళీ ఫ్రెంచివాళ్ళ చేతికొచ్చాక పాత వీధుల గీతల మీదే కొత్త ఇళ్ళు లేచాయి. నువ్వు చూడబోయే పసుపుపచ్చ గోడలు, ఎత్తయిన తలుపులు ఆ తర్వాతి కాలానివే. గదిలో దిగగానే తలెత్తి కప్పు చూడు. పాత కప్పయితే వరుసగా టేకు దూలాలు, వాటి మీద పక్కకు నిలబెట్టి సున్నంతో పేర్చిన చిన్న ఇటుకలు కనిపిస్తాయి. మద్రాసు టెర్రస్ అంటారు దాన్ని. సముద్రపు గాలికి సున్నం పూత ఊరికే పెచ్చులూడుతుంది, చెక్క ఉబ్బుతుంది. ఏటేటా చేయించే మరమ్మతులకు డబ్బు ఎక్కడినుంచో రావాలి కదా. 1984 నుంచి ఇన్‌టాక్ సంస్థ వాళ్ళు అక్కడి పాత ఇళ్ళ జాబితాలు రాసి, యజమానులకు నచ్చజెప్పి ఎన్నింటినో నిలబెట్టారు. అట్లా నిలిచిన ఇళ్ళలో కొన్ని హోటళ్ళయి తమ ఖర్చు తామే సంపాదించుకుంటున్నాయి. మన పాతబస్తీలో ఎన్ని దేవిడీలు కూలి, ఆ జాగాల్లో షట్టర్లు లేచాయో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వాటిలో కొన్నింటికైనా ఇట్లా అతిథులు దొరికి ఉంటే బాగుండేది.

ఇక బొమ్మల సంగతి. లోపలికి అడుగుపెట్టగానే ఫోన్ తీయకు. సామాను పెట్టి, కాళ్ళు కడుక్కొని, ముందు ఒట్టి కళ్ళతో ఇల్లంతా ఒకసారి తిరిగి రా. అరవ దేశపు హోటలు కాబట్టి తంజావూరు బొమ్మ ఒకటైనా ఉండే అవకాశం ఎక్కువ. ఎదురుగా నిలబడితే బంగారపు మెరుపే కనపడుతుంది. రెండడుగులు పక్కకు జరిగి, వెలుతురు ఏటవాలుగా పడేటట్టు చూడు. కృష్ణుడి నగలు, మండపం కమాను, తెరల అంచులు పలక మీంచి ఉబ్బెత్తుగా లేచి ఉంటాయి. చెక్క మీద బట్ట అంటించి, సుద్ద, జిగురు కలిపిన ముద్దతో ఆ ఉబ్బు తెస్తారు. గాజురాళ్ళు పొదిగి, పైన బంగారు రేకు అద్ది, రంగులు ఆ తర్వాత వేస్తారు. వెనకటికి పనస చెక్క వాడేవాళ్ళు, ఇప్పుడు ఎక్కువగా ప్లైవుడ్డే. రేకు మంచిదయితే ఏళ్ళు గడిచినా నల్లబడదు. నీకు తెలియాల్సిన ఇంకో ముచ్చట ఉంది. తంజావూరు, తిరుచ్చి ప్రాంతాల్లో ఈ పనిని తరతరాలుగా పట్టుకొచ్చిన రాజుల కుటుంబాలు తెలుగు మాట్లాడేవాళ్ళు, రాయలసీమ వైపు నుంచి దక్షిణానికి పోయినవాళ్ళు. కాబట్టి ఆ బొమ్మ ముందు పరాయిదానిలాగా నిలబడకు.

కలంకారీ తెర ఉంటే ఇంకా మంచిది. పుదుచ్చేరికి రాకముందే, 1669లో, ఫ్రెంచి కంపెనీ మన మచిలీపట్నంలో కొట్టు పెట్టింది. మన తీరంలో తయారయ్యే బట్టల మీద వాళ్ళ కన్ను. శ్రీకాళహస్తి పనిలో నల్ల గీతను పట్టి చూడు. వెదురు పుల్లకు ఉన్నిగుడ్డ చుట్టి దారంతో బిగించిన కలంతో గీస్తారు. వేలితో ఉన్నిని నొక్కుతుంటే రంగు కిందికి దిగుతుంది. ఇనుప తుక్కు, బెల్లం కలిపి రోజుల తరబడి నానబెట్టిన నలుపు అది. పాకకుండా ఉండటానికి బట్టను ముందే కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెడతారు. చేత్తో గీసిన గీత ఒకచోట సన్నబడి, కలం మళ్ళీ ముంచినచోట కొంచెం లావెక్కుతుంది. గీతంతా ఒకే మందంలో ఉండి, అదే పువ్వు అచ్చంగా అట్లాగే మళ్ళీ మళ్ళీ వస్తే అది స్క్రీన్ ప్రింటు. స్క్రీన్ ప్రింటు పెట్టుకోవడం తప్పేమీ కాదు, కానీ దాన్ని కలంకారీ అని చెప్పి అతిథి దగ్గర డబ్బు తీసుకోవడం తప్పు.

నువ్వు తప్పకుండా చేయాల్సిన పని ఒకటి. నచ్చిన బొమ్మ కింద గీసినవాళ్ళ పేరుందేమో చూడు. లేకపోతే మేనేజర్‌ను మర్యాదగా అడుగు: ఎవరు గీశారు, ఏ ఊరు, ఎంత కాలమైంది అని. ఆయనకు తెలిసి ఆనందంగా చెప్పాడంటే అది నిజంగా కళకు చోటిచ్చిన హోటలు. ఎవరో డెకరేటర్ తెచ్చి తగిలించాడు, మాకు తెలియదు అంటే, అక్కడ బొమ్మలూ కర్టెన్లూ ఒకటేనన్నమాట. ఒక హోటలు మంచిచెడ్డలు చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద పరీక్ష తెలియదు. నక్షత్రాలు, రివ్యూలు ఎన్ని ఉన్నా నేను పట్టించుకోను. గదిలో కాఫీ కప్పు బరువుగా, మట్టిరంగు గ్లేజుతో ఉంటే దాని గురించి కూడా అడుగు. 1971లో మొదలైన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పుణ్యమా అని పుదుచ్చేరి చుట్టుపక్కల స్టోన్‌వేర్ చేసే మంచి కుమ్మరులు తయారయ్యారు.

గదిలోనే ఉండిపోకు. డబ్బున్న పేట, నడవగలిగిన పేట రెండూ ఒకటే కావడం మన దగ్గర అరుదు. బంజారాహిల్స్‌లో కోట్ల రూపాయల ఇళ్ళున్నాయి, వాటి ముందు పది నిమిషాలు తిన్నగా నడిచే కాలిబాట కష్టం. ఉప్పల్ రింగులో మనుషులు ప్రాణభయం లేకుండా రోడ్డు దాటడానికి 2023లో ఆకాశంలో దారి కట్టాల్సి వచ్చింది. పుదుచ్చేరి సముద్రపు రోడ్డులో సాయంత్రం 6 గంటల నుంచి మరునాడు పొద్దున 7:30 దాకా బండ్లను రానివ్వరు. అందుకని తెల్లవారకముందే లేచి బయటపడు. పొద్దెక్కితే ఎండ, ఉక్కపోత, టూరిస్టుల గుంపు. తేలికైన చెప్పులు వేసుకో, నీళ్ళ సీసా పట్టుకో.

వీధి మూలల్లో నీలం పలకల మీద ఫ్రెంచి, అరవ పేర్లుంటాయి. వాటిలో బుస్సీ వీధి దగ్గర కాస్త ఆగు. ఇప్పుడు దానికి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు. ఈ బుస్సీ మన కథలోని బుస్సీయే. హైదరాబాదులో సలాబత్ జంగ్‌ను గద్దె మీద నిలబెట్టి, 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివాళ్ళకు రాయించుకున్నవాడు, 1757 జనవరిలో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు నడిపించినవాడు. 1785లో పుదుచ్చేరిలోనే చనిపోయాడు. ఆ వీధిలో గోడల అందాన్ని చూసి మురిసిపో, దాంతోపాటు తాండ్ర పాపారాయుణ్ణి కూడా ఒకసారి తలచుకో. నిజాం దగ్గర సేనాని అయిన రేమండ్ కూడా 1775లో పుదుచ్చేరిలోనే దిగాడు. ఆయన సమాధి మన మలక్‌పేట దగ్గర గుట్ట మీద ఉంది. వచ్చాక చూసిరావచ్చు.

అరవిందాశ్రమం వైపు నడిస్తే గోల్‌కొండ్ అనే భవనం వస్తుంది. దాన్ని వదలొద్దు. ఆశ్రమవాసుల వసతి గృహం అది, లోపలికి పోవాలంటే వాళ్ళ అనుమతి ఉండాలి. కుదరకపోతే వీధిలోంచే చూడు. 1930లలో జపాన్‌లో పనిచేస్తున్న ఆంటోనిన్ రేమండ్ అనే ఆర్కిటెక్టు దాని ప్లాను గీశాడు. జార్జ్ నకాషిమా దగ్గరుండి కట్టించాడు. తర్వాత అమెరికాలో చెక్కపనికి ఎంతో పేరు తెచ్చుకున్నాడు ఆయన. కిటికీలకు అద్దాలు లేవు. గోడంతా అడ్డపలకలు, చేత్తో తిప్పితే గాలికి తెరుచుకుంటాయి, వానకు మూసుకుంటాయి. ఇత్తడి సామాను కోసం ఆశ్రమంలోని పాత ఇత్తడి గిన్నెలు కరిగించారు. ఇంతకీ ఆ భవనం కట్టిన డబ్బు ఎక్కడిది? నిజాం ప్రభుత్వానిది. సర్ అక్బర్ హైదరీ చొరవతో హైదరాబాదు ఖజానా నుంచి వెళ్ళింది. అందుకే మన గోల్కొండ పేరు పెట్టారు. కాంక్రీటుతో కూడా ఇంత నిరాడంబరంగా, ఇంత చల్లగా ఇల్లు కట్టవచ్చని చూపించిన భవనం అది. పుదుచ్చేరిలో ఏ పూల తోరణాల బంగళా కన్నా నాకు అదే గొప్ప.

కాలువ దాటి అరవ పేటకు కూడా పో. వైట్ టౌన్ ఒక్కటే చూసి తిరిగొస్తే సగం ఊరు చూడనట్టే. వైశ్యాళ్ వీధిలో ఇళ్ళ ముందు అరుగులు, వాటిపైన టేకు స్తంభాలు, పందిరి కప్పులు వరుసగా ఉంటాయి. ఆ వీధిని బాగుచేసిన తీరుకు 2008లో యునెస్కో గుర్తింపు వచ్చింది. వాటిలో జనం కాపురం ఉంటున్నారు, కనుక అరుగు మీద కూర్చోవాలన్నా ఫోటో తీయాలన్నా అడిగి తీయి. హోటల్లో కూడా బొమ్మల మీద ఫ్లాష్ కొట్టకు, తంజావూరు బొమ్మను వేలితో తాకి చూడకు. మన వేళ్ళ చెమట దానికి చేటు.

గది ఊడ్చే అమ్మను, తోటమాలిని పేరు పెట్టి పిలువు. వచ్చేటప్పుడు వాళ్ళకిచ్చేది వాళ్ళ చేతికే ఇవ్వు. గది వీధివైపు కాకుండా వాకిలివైపు ఇమ్మని ముందే అడుగు, రాత్రి నిద్ర పడుతుంది. వాళ్ళు అడ్వాన్సు తీసుకున్న రసీదు, ఎన్ని గంటలకు గది ఇస్తారో రాసిన కాగితం దగ్గర పెట్టుకో. ఇప్పుడు చర్లపల్లి టెర్మినల్ వచ్చింది కాబట్టి చెన్నై రైలుకు సికింద్రాబాదు దాకా పోయే పని తప్పుతుంది. చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే ఈసీఆర్ బస్సెక్కు, మూడు నాలుగు గంటల ప్రయాణం.

వచ్చాక ఒక ఆదివారం నాకు కేటాయించు. చెరియాల బొమ్మలు వేసే నకాషీ వాళ్ళు మన బోడుప్పల్‌లోనే ఉన్నారు. చింతగింజల గంజి, సుద్ద పట్టించిన బట్ట, ఎర్రటి నేల మీద మార్కండేయుడి కథ. మీ నాచారం ఇంటి నుంచి ఆటోలో పోయేంత దూరం. నువ్వు పుదుచ్చేరి గోడల మీద ఎవరెవరి పేర్లు తెలుసుకున్నావో నాకు చెప్తూ ఉండు, నేను నీకు ఒక బొమ్మ కొనిపెడతాను. బేరం ఆడకుండా కొందాం. వెనకవైపు గీసినవాళ్ళ పేరు, ఊరు, తేదీ వాళ్ళ చేతనే రాయించి మీ హాల్లో పెడదాం. మీ ఇంటికి వచ్చి ఎవరు ఆ బొమ్మ గురించి అడిగినా ఆ పేరు చెప్పే పూచీ నీది.

ఇట్లు,
మీ పెద్దనాన్న