పెరటి కంచెలో పొంచి ఉన్న విషం – తలంబ్రాల చెట్టు

పాడిపశువు ఆరోగ్యం అనగానే మనకు దాణా, గడ్డి, టీకాలు గుర్తుకు వస్తాయి. పాక వెనుక ఉన్న కంచె మాత్రం గుర్తుకు రాదు. ఈసారి ఆ కంచెను గురించి ముచ్చటిస్తాము.

మన పెరళ్ళలో, చేనుగట్లపై రంగురంగుల పూలతో గుబురుగా పెరిగే తలంబ్రాల చెట్టు మనలో చాలామందికి తెలిసినదే. కొన్నిచోట్ల పులికంప అంటారు. శాస్త్రీయ నామం లంటానా కమారా. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలలో పుట్టిన ఈ మొక్కను ఆంగ్లేయుల కాలంలో పూలకోసం మన దేశానికి తెచ్చారు. పశువు ముట్టదు కదా అని రైతులు కంచెగా నాటుకున్నారు. చిక్కు అక్కడే ఉన్నది.

గుర్తుపట్టడం ఎలా?

కాండం నాలుగు పలకలుగా ఉండి, చిన్న వంకర ముళ్ళు ఉంటాయి. ఆకులు ఎదురెదురుగా, గరుకుగా, అంచున రంపపు పళ్ళతో ఉంటాయి. నలిపితే ఘాటైన వాసన వస్తుంది. పూలు గుత్తులుగా పూస్తాయి. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబి రంగులు కనిపిస్తాయి. పచ్చికాయలు పండితే నల్లగా మారతాయి. పచ్చికాయ పిల్లలకూ ప్రమాదమే.

పశువుకు ఏమవుతుంది?

మేత దొరికినంతకాలం పశువు దీనిని తాకదు. వేసవిలో పచ్చిగడ్డి కొరవడినప్పుడు, కొత్తగా కొని తెచ్చిన పశువును కంచె ప్రక్కన కట్టివేసినప్పుడు, కోసిన గడ్డిలో ఈ కొమ్మలు కలిసినప్పుడు తింటుంది. ఆకు వాడినా, ఎండినా విషం పోదు.

ఆ విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. ఆకుల పచ్చదనం కడుపులో జీర్ణమైనప్పుడు ఒక రంగు పదార్థం పుడుతుంది. దానిని కాలేయం పైత్యరసంతో బయటకు పంపాలి. కాలేయం పనిచేయకపోతే అది రక్తంలో కలిసి చర్మానికి చేరుతుంది. అప్పుడు ఎండ తగిలితే చర్మం కాలినట్లవుతుంది.

మొదట పశువు మేత మానుతుంది, నెమరు వేయదు, పేడ గట్టిపడుతుంది, పాలు తగ్గిపోతాయి. తరువాత కళ్ళు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగుకు మారుతుంది. ముట్టె, చన్నులు, తెల్లని మచ్చలున్న చోట చర్మం ఎర్రబడి పొలుసులుగా ఊడుతుంది. నల్లని గేదెలో చర్మం గుర్తులు అంతగా కనబడవు కనుక కళ్ళు చూడాలి. దీనిని ఉత్త ఎండదెబ్బ అనుకుని ఊరుకుంటే పశువు దక్కకపోవచ్చు.

ఈ గుర్తులు కనబడగానే పశువును చీకటి నీడన కట్టి, నీరు పెట్టి, ఆ రోజే పశువైద్యునికి కబురు చేయాలి. నెమరు ఆగిన కడుపులో ఆ ఆకు రోజుల తరబడి నిలిచి విషం ఎక్కిస్తూనే ఉంటుంది. అందుకే ఆలస్యం పనికిరాదు. వైద్యుడు చెప్పేవరకు ఆ పాలు కేంద్రానికి పోయరాదు.

తొలగించడం ఎలా?

పైపైన నరికితే, నిలువునా తగులబెడితే మొదలు నుండి మళ్ళీ చిగురిస్తుంది. వానపడి నేల మెత్తబడినప్పుడు, కాయలు పండకముందే పని ప్రారంభించాలి. మొదలు చుట్టూ మట్టి తీసి, కాండం వేరుతో కలిసే చోటికి దిగువన, నేలలో 3 నుండి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరును గొడ్డలితో తెగగొట్టాలి. పొదను పైకి లాగి తలక్రిందులుగా పడవేస్తే మళ్ళీ నాటుకోదు. ఎండేవరకు పశువులను అటు రానీయకూడదు. ముళ్ళున్నాయి కనుక చేతులకు గోనెపట్టా చుట్టుకోవడం మంచిది.

పని ఒక్కసారితో తీరదు. పిట్టలు పండ్లు తిని గింజలు వెదజల్లుతాయి. ప్రతి వానకాలంలోను కంచె వెంట, చెట్ల క్రింద మొలకలను వేళ్ళతో సహా పెరికివేయాలి.

ఖాళీ చోట ఏమి వేయాలి?

కంచె తీసి ఊరుకుంటే పెరడు బోసిపోతుంది, తలంబ్రాలే మళ్ళీ వస్తుంది. వెలుపలి వరుసకు గోరింట, లోపలి వరుసకు అవిశె లేదా దశరథ గడ్డి వేసుకోవచ్చు. అవిశె ఆకు, దశరథ గడ్డి మంచి మాంసకృత్తులున్న పచ్చిమేత.

మన పెరడు ఒక్కటే శుభ్రమైతే చాలదు. ప్రక్క పెరటి కొమ్మ మన పాకలోకి వంగుతుంది. సంఘ సమావేశంలో ఈ విషయం ఎత్తి, సభ్యులందరూ ఒకే వారంలో ఈ పని చేపట్టవలసిందిగా కోరుతున్నాము. పశువుకు ప్రాణం మీదికి తెచ్చే కంచె పోయి, మేతనిచ్చే కంచె రావాలి.