గట్టి లెన్సుకు సరైన ద్రావణం

కార్నియా పల్చబడి శంకువులా ముందుకు పొడుచుకువచ్చే కెరటోకోనస్ జబ్బులో కళ్లద్దాలు చాలనప్పుడు డాక్టర్లు గట్టి కాంటాక్టు లెన్సు ఇస్తారు. మనలో అవి వాడేవారు ద్రావణం కొనేముందు సీసాపై 'ఆర్.జి.పి. లెన్సులకు' అని ఉందో లేదో చూడాలి. ఆ ద్రావణం క్రిములను చంపడమే కాక లెన్సుపై తడిపొరను నిలుపుతుంది. సెలైన్ కడగడానికే, క్రిములను చంపదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకమైతే దానితో వచ్చిన డబ్బాలోనే, సీసాపై రాసినన్ని గంటలు లెన్సును నానబెట్టాలి. లేకుంటే కన్ను మండిపోతుంది.

నెలాఖరుకు సీసా ఖాళీ అయితే హాస్టల్ కుళాయి నీళ్లు వాడదామనిపిస్తుంది. వద్దు. ఆ నీళ్లలో ఉండగల అకాంతమీబా అనే సూక్ష్మజీవి చూపునే పోగొట్టగలదు. నిన్నటి ద్రావణం పారబోసి రోజూ కొత్తది పోయాలి. ద్రావణం లేని రోజు, బోర్డు మసకగా కనిపించినా, కళ్లద్దాలతో ముందు బెంచీలో కూర్చుందాం. పాఠం స్నేహితుని నోట్సులో దొరుకుతుంది, చూపు దొరకదు.